గొర్రెల అర్జీ రెండో పేజీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎవరైనా ఇంటికి వస్తే నన్ను ఒకటే అడుగుతారు. "సార్, రోజుకు అన్నన్ని కాగితాలు ఎట్లా చూసేవాళ్లు?" నేను గొంతు సవరించుకునే లోపలే వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంటుంది. "ఆయన యాడ చూసినాడు నాయనా? పైన ఒక లైను చూసేటోడు, అంతే." నా సర్వీసు మొత్తాన్ని ఇంత పొట్టిగా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు. వినగానే కోపం వస్తుంది. అబద్ధమని మాత్రం అనలేను.

ఆ ఒక్క లైను సంగతే ఇప్పుడు చెబుతాను. మీలో చాలామంది ఇప్పుడు కంప్యూటరు తెర మీద ఆ లైను చూస్తుంటారు కాబట్టి మీకు పనికొస్తుంది.

నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ని. మొదటి పోస్టింగు పులివెందుల. అక్కడ నాకు పని నేర్పిన పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ టీ గ్లాసు, మాటలో ఎప్పుడూ వెటకారం. మొదటి రోజే నా ముందు తపాలు కట్ట పడేసి, "అప్పా, ఇవన్నీ పూర్తిగా చదవబోతే నీ పెండ్లి నాటికి కూడా అయిపోవు. పైన 'విషయం' అని ఉంటాది చూడు, అది చదువు. లోపల ఏముంటాదో ఊహించు. ఊహించినాక చివరి పేరా చదివి, నీ ఊహ సరిపోయిందో లేదో చూసుకో. రెండూ చెయ్యాల. తలుపు మీద పేరు చూసినంత మాత్రాన ఇంట్లో ఎవరుండారో తెలుస్తాదా?" అన్నాడు.

మంచి మాట. అందులో మొదటి సగం నాకు బాగా వంటబట్టింది. రెండో సగం కొన్నాళ్లు చేశాను. నూటికి తొంభై తొమ్మిది సార్లు నా ఊహే సరిపోతుంటే ఇంక చూసుకోవడం దేనికి అనిపించింది. ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు. ఇట్లాంటివి ఒక రోజున మానేయం కదా, అవే జారిపోతాయి.

రాష్ట్రం విడిపోయిన నాలుగైదేళ్లకు నేను జమ్మలమడుగు వైపు ఒక మండలాఫీసులో ఉన్నాను, అప్పటికి పదేళ్లుగా అక్కడే. పేరు చెప్పను. ఆ వైపు ఆఫీసులు చాలా ఉన్నాయి, ఏదైనా అనుకోండి. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ని. సోమవారం అర్జీల రోజు. జనం పొద్దున్నే వచ్చి వరస కట్టేవాళ్లు. నా పని అర్జీ తీసుకోవడం, విషయం చూడటం, ఏ సెక్షనుకు పోవాలో ఎర్ర సిరాతో మూలన రాయడం, పక్కకు పెట్టడం. పట్టాదారు పాసుపుస్తకం ఒక వైపు, రేషను కార్డు ఒక వైపు, పింఛను ఒక వైపు, దారి తగాదా ఒక వైపు, పశువులు ఒక వైపు. ఏ సెక్షనుకూ చెందనివి 'ఇతరములు'. ఇతరములు అనే అట్టపెట్టె నా కుర్చీ వెనకాల ఉండేది. అందులోకి పోయిన కాగితం బయటికి రావడం నేను పెద్దగా చూడలేదు.

ఒకసారి పెద్ద ఆఫీసరు ఒకాయన తనిఖీకి వచ్చి, నా పక్కన నిలబడి చూసి, "ఈయనకు కవరు చూపిస్తే చాలు, లోపలి ఉత్తరం చెప్పేస్తాడయ్యా" అన్నాడు. ఆ మాట నెల రోజులు బస్సులో పక్క సీటువాళ్లందరికీ చెప్పాను.

ఆ ఏడే పులివెందుల నుంచి కొత్తగా ఒక అమ్మాయి జూనియర్ అసిస్టెంటుగా వచ్చింది. ఆమెకు ఒక జబ్బు ఉండేది. ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివేది. నేను పది అర్జీలు పంపే లోపల ఆమె ఒకటి ముగించేది. బయట జనం గొణిగేవాళ్లు. నేను ఊరుకునేవాణ్ని కాదు.

"ఏమ్మా, పరీక్షకు చదువుతాండావా? విషయం చూడు, పంపు. మొగుడూ పెండ్లాల తగాదా దగ్గర్నుంచి వాన పడలేదనే దాకా అన్నీ రాస్తారు వాళ్లు."

"సార్, పైన ఒకటి ఉండి లోపల ఇంకోటి ఉంటే?"

"నా సర్వీసులో నేను చూడలేదు," అన్నాను. చూడకపోవడానికి కారణం చదవకపోవడమని అప్పుడు తోచలేదు. కొన్నాళ్లకు ఆమెను అర్జీల బల్ల మీద నుంచి తీసి కంప్యూటరు ముందు కూర్చోబెట్టించాను. అసలు అర్జీ సెక్షనుకు పోతే, జిరాక్సు ఆమె దగ్గరికి పోతుంది. విషయం లైను టైపు చేసి, పేజీలు స్కాను చేసి ఎక్కించాలి. "విషయం ఒక్కటే కొట్టు, మిగతాది చదవబాకు" అని గట్టిగా చెప్పాను.

ఆ సోమవారం పన్నెండు గంటలప్పుడు ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. గొర్రెలు మేపేవాళ్లు అని చూస్తేనే తెలుస్తుంది. రెండు పేజీల అర్జీ ఇచ్చింది. ఆ చేతిరాత నాకు బాగా తెలుసు. మా ఆఫీసు ఎదురుగా టీ అంగడి పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయనది. గుండ్రంగా అచ్చుగుద్దినట్టు ఉంటుంది. పైన ఉంది: 'విషయం: చనిపోయిన గొర్రెలకు నష్టపరిహారం కోరుట గురించి.'

నేను మూలన 'పశువుల ఆస్పత్రి' అని రాసి పక్కన పెట్టాను. ఆమె కదల్లేదు.

"సారూ, ఒక్క తూరి చదువు సారూ."

"చదివినా లేమ్మా. గొర్రెలే గదా. డాక్టరు దగ్గరికి పోతాది."

"గొర్రెలు గాదు సారూ, గురువారం..."

"పెద్దాయన అంతా రాసినాడు గదా? డాక్టరోళ్లే వస్తారులే. ఎనకాల జనం ఉండారు, జరుగు తల్లీ."

ఆమె జరిగింది. తలుపు దగ్గర నిలబడి ఇంకోసారి నా వైపు చూసింది. నేను అప్పటికే తరువాతి కాగితం మీద ఎర్ర సిరా పెడుతున్నాను. ఈ నాలుగు మాటలూ ఇంత కచ్చితంగా ఎట్లా గుర్తున్నాయని మీరు అడగవచ్చు. తర్వాత ఎన్నిసార్లు నాలో నేను చెప్పుకున్నానో నాకే తెలుసు.

మంగళవారం, బుధవారం సర్వరు పని చేయలేదు. గురువారం పదిన్నరకు ఆ అమ్మాయి సోమవారం జిరాక్సులు స్కాను చేస్తోంది. రెండో పేజీ తలకిందులుగా పడిందట. తిప్పి పెట్టబోతూ, అలవాటు కొద్దీ ఒక లైను చదివింది. ఆ తర్వాత లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది గొర్రెల అర్జీ కాదు."

"హెడ్డింగు చూడమ్మా."

"హెడ్డింగు చూసినా సార్. మీరు రెండో పేజీ చూడండి."

చూశాను. మొదటి పేజీలో శనివారం నాడు ఒక చీనీ, అదే బత్తాయి తోట తొట్టిలో నీళ్లు తాగి పదకొండు గొర్రెలు చనిపోయాయని ఉంది. రెండో పేజీ ఇట్లా ఉంది:

'ఆ తొట్టిలో పోయిన శుక్రవారము నుండి చెట్లకు కొట్టే మందు డ్రమ్ములు కడుగుచున్నారు. హాస్టలు బోరు ఎండిపోయినందున ప్రతి గురువారము ట్యాంకరు అదే తొట్టి నీళ్లను ఆడపిల్లల హాస్టలుకు తోలుచున్నది. నా కుమార్తె అక్కడ ఎనిమిదవ తరగతి చదువుచున్నది. వార్డెను గారిని అడుగగా ఆఫీసు కాగితము తెచ్చినచో ఆపుతామనిరి. కావున తమరు దయచేసి గురువారము లోపల ఆ నీళ్లు ఆపించవలెనని ప్రార్థన.'

గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. గురువారమని నాకు తెలుసు. అయినా చూశాను.

ముందు పశువుల ఆస్పత్రికి ఫోను చేశాను. అక్కడి అటెండరు ఎత్తాడు.

"వచ్చింది సార్, ట్రేలో ఉంది. డాక్టరు సారు క్యాంపు పోయినాడు, రేపు వస్తాడు."

"నువ్వు చదివినావా?"

"గొర్రెల కాగితమే గదా సార్. సచ్చిపోయిన గొర్రెలకు తొందరేముంది?"

అతన్ని ఏమని తిట్టను? నేను చేసిందే అతనూ చేశాడు. తహశీల్దారు గారు కడపలో మీటింగులో ఉన్నారు, ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ ఊరి వి.ఆర్.ఓ. పెద్దముడియం అవతల సర్వేలో ఉన్నానన్నాడు. హాస్టలు వార్డెను నంబరు పట్టుకుని నాలుగుసార్లు చేశాను. ఎత్తలేదు. ట్యాంకరు ఎన్ని గంటలకు వస్తుందో మాకు తెలియదు.

"అర్జీ రాసిన పెద్దాయనకు తెలిసి ఉంటాది సార్," అంది ఆ అమ్మాయి.

చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే రోడ్డు దాటాను. పెద్దాయన ఇంకెవరికో అర్జీ రాస్తున్నాడు. జిరాక్సు ఆయన ముందు పెట్టి అరిచాను.

"ఏందన్నా ఇది? నీళ్ల అర్జీకి గొర్రెల హెడ్డింగు పెడతావా? పిల్లోళ్ల ప్రాణాలతో ఆటలా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. భయపడలేదు, కోపపడలేదు.

"ఆటలు నేనాడతాండానా అప్పా? ఆమె చెప్పింది నీళ్ల సంగతే. హాస్టలు నీళ్లని పైన రాసింటే నువ్వు యాడ ఏసేటోనివి? నీ ఎనకాల పెట్టెలో. పోయినేడు మా ఊరి బడి గోడ పడిపోయేట్టుందని రాసిస్తి. ఇంకా ఆ పెట్టెలోనే ఉంటాది చూడుపో. గొర్రెలనుకో, అదే పొద్దు డాక్టరు దగ్గరికి పోతాది. డాక్టరన్నా రెండో పేజీ తిప్పుతాడనుకుంటి."

నేను జిరాక్సు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వు చదివేది పై లైనే గదా. ఆ లైను నేను నీ కోసమే రాస్తా. పదేండ్ల నుంచి ఇదే పని. నీకు యా హెడ్డింగు నచ్చుతాదో చూసి, దాని కింద వాండ్ల బాధ రాస్తా."

అప్పుడు అర్థమైంది. పదేళ్లుగా నా ఊహలు తప్పకపోవడం నా తెలివి కాదు. ఎదురుగా బల్ల వేసుకున్న మనిషి నా ఊహకు తగ్గట్టు రాసిపెట్టడం. నేను గొప్పగా చెప్పుకున్న విద్య ఆయన చేతిలో ఉంది. అయినా అప్పుడు సిగ్గుపడటానికి తీరిక లేదు.

"ట్యాంకరు ఎన్ని గంటలకు పోతాదో చెప్పిందా?"

"పదకొండు, పదకొండున్నర మధ్యన అనింది. పో అప్పా, నాతో మాట్లాడబాకు, పో."

పదకొండు కావడానికి పది నిమిషాలుంది. పద్దెనిమిది కిలోమీటర్ల దూరం. నాకు బండి లేదు. ఆ అమ్మాయి అప్పటికే తన స్కూటీ గేటు ముందుకు తెచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక ఆడపిల్ల వెనకాల కూర్చుని, సీటు చివర పట్టుకుని పోయాను. కాగితాలు నెమ్మదిగా చదువుతుందని నేను తిట్టిన మనిషి, ఆ రోడ్డు మీద బండి తోలిన తీరు చూస్తే మీరు నమ్మరు.

సగం దారిలో నాపరాళ్ల లారీ ఒకటి అడ్డం పడింది. ముందు అదీ, దాని ముందు ఇంకోటి. రెండు పక్కలా నల్లరేగడి చేలు, దిగితే చక్రం పగుళ్లలో ఇరుక్కుంటుంది. ఆమె హారను కొడుతూనే ఉంది. దుమ్ములో నాకు ఏమీ కనపడటం లేదు. కనపడిందల్లా ఒకటే. మధ్యాహ్నం గంట కొడితే పిల్లలు పళ్లేలు పట్టుకుని వస్తారు. దప్పికతో వస్తారు. అన్నానికంటే ముందు నీళ్లు తాగుతారు. బడీ హాస్టలూ ఒకే ఆవరణ, రెండు వందల మంది దాకా పిల్లలు. ఒక్కొక్క గొర్రె బరువెంత, ఎనిమిదో తరగతి పిల్ల బరువెంత అని నా బుర్ర లెక్క వేస్తోంది. వద్దన్నా వేస్తోంది. నాకూ ఒక కూతురుంది. ఆ ఏడే పెళ్లి చేశాం. చిన్నప్పుడు బడి నుంచి వస్తే చెప్పులైనా విడవకుండా బిందె దగ్గరికే పరిగెత్తేది.

"సార్, ఏమన్నా మాట్లాడండి, నాకు భయమైతాంది," అంది ఆ అమ్మాయి ముందు నుంచి.

"నేనే చంపినట్టు అవుతాదమ్మా," అన్నాను. అంతకంటే ధైర్యం చెప్పే మాట నాకు దొరకలేదు. ఆమె వేగం పెంచింది. ఎదురుగా బస్సు వస్తున్నా పట్టించుకోకుండా రెండు లారీలనూ దాటేసింది. నేను కళ్లు మూసుకున్నాను.

హాస్టలు గేటు లోపల ట్యాంకరు నిలబడి ఉంది. పదకొండు నలభై. దాని వెనక గొట్టం నేల మీదికి వేలాడుతోంది. బండి ఆగకముందే దిగాను.

దగ్గరికి పోతే అరుపులు వినపడ్డాయి. వార్డెనమ్మ అరుస్తోంది, ట్యాంకరు డ్రైవరు అరుస్తున్నాడు. సంపు మూత మీద ఆ గొర్రెలామె కూర్చుని ఉంది. కర్ర అడ్డంగా ఒళ్లో పెట్టుకుని, గొంగడి తల మీద కప్పుకుని, ఎండలో, ఆ ఇనుప మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. డ్రైవరు చేతిలో గొట్టం చివర ఉంది. పోయడానికి చోటు లేదు.

"ఎనిమిదిన్నర నుంచి ఇట్లే కూచ్చోనుంది సార్," అంది వార్డెనమ్మ, నేను ఆఫీసు మనిషినని తెలియగానే. "ట్యాంకరు పదిన్నరకే వచ్చింది. లెయ్యమంటే లెయ్యదు. వంటకు చుక్క నీళ్లు లేవు. మతి చెడిందో ఏమో! ట్యాంకరు వాపస్ పోతే పిల్లోళ్లకు నేనేం పొయ్యాల?"

వంట మొదలు కాలేదు. ఆ మాట చెవిన పడగానే ట్యాంకరు చక్రం పట్టుకుని నిలబడ్డాను. తరగతి గదుల కిటికీల నిండా పిల్లల మొహాలు. ఒక పిల్ల మాత్రం బయట స్తంభం పక్కన నిలబడి, ఓణీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తల్లి అందరి ముందరా రచ్చ చేస్తోందని ఆ పిల్ల సిగ్గు. "లేమా, అందరూ నగుతాండారు, లేమా" అంటోంది. తల్లి కూతురి వైపు చూడటం లేదు. చూస్తే లేవాల్సి వస్తుందని భయం కాబోలు.

నన్ను గుర్తుపట్టింది.

"కాగితం ఇస్తి గదా సారూ. చదివినారా?"

"చదివినామమ్మా."

"యా పొద్దు?"

నేను నోరు తెరిచాను. సోమవారమే అని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నా వెనకాల నిలబడిన ఆ అమ్మాయి చెప్పేసింది.

"ఈ పొద్దే అక్కా. గంట కిందట."

గొర్రెలామె నన్ను తిట్టలేదు. "గంట కిందటనా," అంది మెల్లగా. అంతే. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇక నీళ్లు ఆపాలి. వార్డెనమ్మ పట్టు వదల్లేదు. ఆమె తప్పు కూడా అనను, ఆమెకూ పైన ఆఫీసర్లున్నారు. "కాగితం ఉంటేనే సార్, నోటిమాట మీద ట్యాంకరు పంపిస్తే రేపు నన్ను అడుగుతారు" అంది. ఆర్డరు ఇచ్చే అధికారం నాకు లేదు. ఒక పిల్ల నోటుబుక్కులోంచి కాగితం చింపించుకుని, ట్యాంకరు బంపరు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ ముందు 'విషయం' అని రాశాను. అక్కడ కలం ఆగింది. వేల కాగితాల మీద ఆ మాట చూసిన మనిషిని, దాని పక్కన ఏం రాయాలో తెలియలేదు. 'నీటి సరఫరా గురించి' అని రాయబోయి ఆగాను. ఆ హెడ్డింగుతో కాగితం ఏ ట్రేలోకి పోతుందో నాకంటే ఎవరికి తెలుసు? చివరికి రాశాను: 'విషయం: ఈ ట్యాంకరు నీళ్లలో విషం ఉందని అనుమానం, ఎవరూ వాడవద్దు.' ఆ కాగితానికి కింద ఏమీ రాయాల్సిన పని లేకపోయింది. సంతకం పెట్టి వార్డెనమ్మ చేతికిచ్చాను.

డ్రైవరు పాపం మొహం పాలిపోయి నిలబడ్డాడు. "నాకేం తెల్చు సార్? మోటరు ఏస్తారు, నింపుకుంటా, తెస్తా" అన్నాడు. రెండు సీసాల్లో ఆ నీళ్లు పట్టుకున్నాం. పక్క ఊరి నుంచి ఇంకో ట్యాంకరు మాట్లాడి తెప్పించేసరికి రెండు దాటింది. పిల్లలు ఆకలితో నకనకలాడిపోయారు. మొదటి ట్యాంకరు గేటు దాటి, మలుపు తిరిగి, శబ్దం కూడా వినపడనంత దూరం పోయాకే గొర్రెలామె మూత మీద నుంచి లేచింది. లేవగానే తూలింది. కూతురు పరిగెత్తి వచ్చి పట్టుకుంది. తల్లి చెంబెడు నీళ్లడిగింది, రెండో ట్యాంకరు నీళ్లు. ముందు వాసన చూసి, తర్వాత తాగింది.

సీసాల్లోని నీళ్ల రిపోర్టు పది రోజులకు వచ్చింది. దానికీ పైన విషయం లైను ఉంది. నేను దాన్ని దాటుకుని చివరి పేరా దగ్గరికి పోయాను. పురుగుల మందు ఉందని, తాగడానికి పనికిరావని రాసి ఉంది. కుర్చీలో కూర్చోలేక కాసేపు వరండాలోకి పోయి నిలబడ్డాను.

నాకొక మెమో కూడా వచ్చింది, సమాధానం చెప్పమని. దాన్ని మాత్రం అక్షరం వదలకుండా చదివానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. తహశీల్దారు గారు తల ఎత్తి, "నోటుబుక్కు కాగితం మీద ఆర్డర్లిచ్చే తహశీల్దారువు ఎప్పుడైనావయ్యా నువ్వు?" అని ఫైలు మూసేశారు. ఆ అమ్మాయిని మళ్లీ అర్జీల బల్ల మీదికి తెప్పించాను, నా పక్కన. ఇతరముల పెట్టె ఇద్దరం కలిసి మూడు సాయంత్రాలు చదివాం. బడి గోడ అర్జీ అడుగున దొరికింది. పై వారం నేనే ఆ బడికి పోయి చూసి వచ్చాను. గోడ ఇంకా నిలబడే ఉంది. నా అదృష్టం అనాలి.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఒకటి చేశాను. విషయం చదివి, ఊహించి, చివరి లైను కింద చిన్న టిక్కు పెట్టి, తేదీ వేసేవాణ్ని. 'యా పొద్దు' అని ఎవరైనా అడిగితే చూపించడానికి. పని నెమ్మదించింది. వరస పెరిగింది. తిట్లు కూడా పెరిగాయి. ఊహ మానుకోమని మీకు చెప్పను. హెడ్డింగు చూసి ఊహించకపోతే ఏ కాగితమూ కదలదు. ఊహ సరిపోయిందో లేదో చూసుకునే దాకా చదవండి. నా పెద్ద గుమాస్తా మొదటి రోజు చెప్పింది ఇదే.

ఆరు వారాల తర్వాత ఒక సోమవారం ఆ గొర్రెలామె మళ్లీ వచ్చింది. వరసలో తన వంతు దాకా నిలబడి, రెండు పేజీల అర్జీ బల్ల మీద పెట్టింది. అదే గుండ్రటి చేతిరాత. పైన విషయం: చనిపోయిన గొర్రెలకు నష్టపరిహారం కోరుట గురించి.

నేను తలెత్తి చూశాను. ఆమె కర్ర బల్లకు ఆనించి, చేతులు కట్టుకుంది.

"చదువు సారూ. నేను ఈడనే ఉంటా."

పైకే చదివాను. వెనకాల జనం గొణిగారు. పక్కన ఆ అమ్మాయి తన పని ఆపి వింటోంది. మొదటి పేజీ అయింది, రెండో పేజీ తిప్పాను. తొట్టి లేదు, ట్యాంకరు లేదు, హాస్టలు లేదు. పదకొండు గొర్రెలు, వాటిలో నాలుగు చూలువి, రెండు పొట్టేళ్లు, ఇంట్లో ఇంకేమీ లేవు. చివరిదాకా గొర్రెలే.

అప్పుడు తట్టింది నాకు. ఉన్న మంద పోయిన మనిషి, మొదటిసారి వచ్చినప్పుడు తన నోటితో ఆ మంద కోసం ఒక్క మాటా అడగలేదు.

చివరి లైను కింద టిక్కు పెట్టి, తేదీ వేసి, ఆమెకు చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా వంగి, ఆ గుర్తు వైపు కాసేపు చూసి, కర్ర తీసుకుంది.